పర్యాయపదాలు: పట్టిక బట్టీనా, బిట్ల సాధనా, పేరా చదివించడమా? నవోదయ, సైనిక్, గురుకుల పరీక్షలకు ఏది పనికొస్తుంది

జూన్ వచ్చిందంటే మా ఆత్మకూరులో ఐదో తరగతి పిల్లలున్న ఇళ్ళలో ఒకటే మాట, నవోదయ. నెల్లూరు జిల్లా నవోదయ విద్యాలయం మాకు దగ్గర్లోనే, మర్రిపాడు మండలం కృష్ణాపురంలో ఉంది. లెక్కలకూ మెంటల్ ఎబిలిటీకీ పుస్తకాలు కొంటారు, కోచింగుకు పంపిస్తారు. తెలుగు దగ్గరికి వచ్చేసరికి "మన భాషే కదా, వచ్చేస్తుందిలే" అని వదిలేస్తారు. కాస్త జాగ్రత్తపడేవాళ్ళు గైడు చివరి పేజీల్లో ఉన్న పర్యాయపదాల పట్టిక పిల్లవాడి చేతిలో పెట్టి కంఠతా పట్టమంటారు.

మా పెద్దవాడికి నేను చేసింది ఆ రెండో పనే. మూడు నెలల్లో దాదాపు మూడు వందల మాటలు నేర్చాడు. భూమి అంటే చాలు, ధరణి, వసుధ, అవని, పుడమి, ఇల, మేదిని అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడు. పరీక్ష రాసి వచ్చి, "అమ్మా, మాటలన్నీ తెలిసినవే. కానీ రెండేసి జవాబులు సరిపోయినట్టే ఉన్నాయి" అన్నాడు. సీటు రాలేదు. నవోదయ ఆరో తరగతి పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు, వచ్చే ఏడాది మళ్ళీ చూద్దాం అనడానికి లేదు. తప్పు వాడిది కాదు, నేను ఎంచుకున్న పద్ధతిది. ఆ బాధతోనే పాత పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. చిన్నదాని వంతు వచ్చేసరికి పద్ధతి మార్చాను. ఇప్పుడు సాయంత్రాలు మా మిద్దె మీద పదిమంది దాకా పిలకాయలు కూర్చుంటారు. వాళ్ళతో ఏ దారి ఎంతవరకు పనికొచ్చిందో చూసినంతవరకు రాస్తున్నాను.

ముందు పరీక్ష ఏదో చూడండి

అన్ని పరీక్షల్లోనూ మాటల అర్థాలు అడుగుతారు, కానీ అడిగే తీరు వేరు. దాన్ని బట్టే సాధన ఉండాలి. ఇది చూసుకోకుండా పుస్తకం కొనడం వల్లే మా ఇంట్లో మూడు నెలలు వృథా అయ్యాయి.

నవోదయ ఆరో తరగతి ప్రవేశానికి మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో భాషకు 20 ప్రశ్నలు, 25 మార్కులు, అరగంట. అంటే ఒక్కో ప్రశ్నకు ఒకటింపావు మార్కు. ఈ 20 ప్రశ్నలూ నాలుగు పేరాల కింద ఐదేసి చొప్పున వస్తాయి. "ధరణికి పర్యాయపదం ఏది?" అని విడిగా అడగరు. పేరా ఇచ్చి, అందులోని ఒక మాట చూపించి, ఇక్కడ దీనికి దగ్గరి అర్థం ఏది అంటారు. ఈ "ఇక్కడ" అన్నమాటే ప్రాణం.

సైనిక్ స్కూలు ఆరో తరగతి పరీక్ష వేరు. మొత్తం 125 ప్రశ్నలు, 300 మార్కులు, రెండున్నర గంటలు. భాషకు 25 ప్రశ్నలు, 50 మార్కులు. ఆరో తరగతికి తెలుగులో కూడా రాయవచ్చు. ఇక్కడ పేరాతో పాటు పదజాలం, వ్యాకరణం ప్రశ్నలు నేరుగా కూడా వస్తాయి. మన రాష్ట్రంలో పాత సైనిక్ స్కూలు కోరుకొండ, తర్వాత కలికిరి. రెండూ మనకు దూరమే అయినా నెల్లూరు, ప్రకాశం నుంచి రాసే పిల్లలు తక్కువేం కాదు. తొమ్మిదో తరగతికి రాసేవాళ్ళకు పేపరు ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి తెలుగు పర్యాయపదాల గొడవే లేదు.

అంబేడ్కర్ గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్ష తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం కలిపి 50 మార్కులకు ఉంటుంది. చదివేది నాలుగో తరగతి పిల్లలు. దీనికి గైడు అవసరమే లేదు. బడి తెలుగు పుస్తకంలో పాఠం చివర ఉండే పదజాలం అభ్యాసాలు ఒక్కటీ వదలకుండా చేయిస్తే చాలు.

పట్టిక బట్టీ: పూర్తిగా కొట్టిపారేయలేం

పట్టిక వల్ల ఒక మేలుంది. పిల్లలు ఇంట్లో వినని మాటలు, ముఖ్యంగా సంస్కృతం నుంచి వచ్చినవి, దాని వల్లే కంటపడతాయి. "అనలం" అన్న మాట మా ఊళ్ళో ఎవరూ అనరు. పుస్తకంలో చూసి నేర్చుకోవాల్సిందే. వెనకటి రోజుల్లో అమరకోశం వల్లె వేయించింది కూడా ఇందుకే. కానీ అందులో మాటలు అర్థాన్ని బట్టి గుంపులుగా, శ్లోకాల్లో ఉంటాయి. నడక ఉంటుంది కాబట్టి నోటికి వస్తుంది. మన గైడుల్లో అక్షర క్రమంలో మూడు వందల మాటలు వరసగా పోసి ఉంటాయి. "అ" దగ్గర మొదలుపెట్టిన పిల్లవాడు "క" దాకా వచ్చేసరికి "అ" మర్చిపోతాడు.

అంతకంటే పెద్ద చిక్కు, పట్టిక నమ్మదగ్గది కాకపోవడం. మేం కొన్న ఒక గైడులో అనిలం అంటే నిప్పు అని అచ్చయి ఉంది. అనలం అంటే నిప్పు, అనిలం అంటే గాలి. నేను చూసుకోకుండా అదే అప్పజెప్పించుకున్నాను. వాడు తప్పు నేర్చుకుంటుంటే శభాష్ అన్నాను. తర్వాత నిఘంటువులో చూసినప్పుడు కలిగిన బాధ ఇంకా పోలేదు. అందుకే ఇప్పుడు గైడులోని ప్రతి మాటా ముందు నేను చూస్తాను. ఫోనులో ఆంధ్రభారతి నిఘంటు శోధన తెరిస్తే పాత, కొత్త నిఘంటువులన్నీ ఒకేసారి వెతికిపెడుతుంది. రోజుకు పది మాటలు సరిచూడటానికి పది నిమిషాలు చాలు. ఈ పని పిల్లలది కాదు, పెద్దవాళ్ళు చేయాల్సింది.

పట్టికలతో ఇంకో గందరగోళం ఉంది. కొన్ని పుస్తకాల్లో పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి వికృతులు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. పిల్లలు కలిపేసుకుంటారు. నేను ఇలా చెబుతాను. ఒకే వస్తువుకు చాలా పేర్లుంటే అవి పర్యాయపదాలు. ఆకాశం, గగనం, నింగి, మిన్ను, నభం అన్నీ పైన కనిపించేదే. ఒకే మాటకు వేరు వేరు వస్తువులుంటే అవి నానార్థాలు. కరం అంటే చెయ్యి, ఏనుగు తొండం, కిరణం, పన్ను. ఒకే మాట నోళ్ళలో నలిగి రూపం మారితే అది వికృతి. ఆకాశం కాస్తా ఆకసం అయినట్టు, పుస్తకం కాస్తా పొత్తం అయినట్టు. తెలివైన పిల్లలు ఇక్కడే ఇంకో ప్రశ్న వేస్తారు: "పృథ్వికి పుడమి వికృతి కదా, మరి భూమికి పర్యాయపదాల్లో ఎందుకుంది?" రెండూ నిజమే. పుడమి పృథ్వికి వికృతి, భూమికి పర్యాయపదం. ఏది అడిగారో ప్రశ్నలో చదివి జవాబు పెట్టాలి.

కుటుంబాలుగా నేర్పడం: బట్టీ కంటే ఎంతో నయం

ఎక్కువ మాటలు నేర్పాలనుకుంటే పట్టికను పక్కనపెట్టి ఇది చేయండి. నాకు బాగా కలిసొచ్చింది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నీళ్ళకు ఆరు పేర్లు రాయించండి: జలం, వారి, అంబువు, నీరం, తోయం, పయస్సు. ఇప్పుడు మూడు చిన్న తోకలు చెప్పండి. "జ" అంటే పుట్టింది. "ద" అంటే ఇచ్చేది. "ధి" అంటే నిలవ ఉంచుకునేది. నీళ్ళలో పుట్టేది తామర, కాబట్టి జలజం, వారిజం, అంబుజం, నీరజం, తోయజం, పయోజం. నీళ్ళిచ్చేది మబ్బు, కాబట్టి జలదం, వారిదం, అంబుదం, నీరదం, తోయదం, పయోదం. నీళ్ళను నిలవ ఉంచుకునేది సముద్రం, కాబట్టి జలధి, వారిధి, అంబుధి, నీరధి, తోయధి, పయోధి. ఆరు పేర్లు, మూడు తోకలు, మొత్తం ఇరవై నాలుగు మాటలు ఒక్క సాయంత్రంలో వచ్చేశాయి. మా మిద్దె మీద మొదటిసారి ఇది చెప్పిన రోజు ఒక పిల్లాడు లేచి నిలబడి, "అయితే టీచర్, సరస్సులో పుట్టింది సరోజమా?" అని అడిగాడు. నేను చెప్పని మాట వాడంతట వాడే కట్టుకున్నాడు. పట్టిక బట్టీ పట్టిన పిల్లలెవరూ నన్ను అలా అడగలేదు.

ఇలాగే భూమిని మోసేది కొండ: భూధరం, మహీధరం. భూమిని పాలించేవాడు రాజు: భూపాలుడు, మహీపాలుడు. భూమి మీద మొలిచేది చెట్టు: భూరుహం, మహీరుహం. పగటిని చేసేవాడు దివాకరుడు, దినకరుడు, అంటే సూర్యుడు. రాత్రిని చేసేవాడు నిశాకరుడు, రజనీకరుడు, అంటే చంద్రుడు. నిశ, దివ అన్న రెండు మాటలు తెలిస్తే సూర్యచంద్రుల్ని ఎవరూ తారుమారు చేయరు.

ఒక్క జాగ్రత్త. వారిధి సముద్రం, వారధి మాత్రం వాడుకలో వంతెన. నెల్లూరు పెన్నా వంతెన చూపించి ఇది వారధి, దాని కింద నుంచి నీళ్ళు పోయి కలిసేది వారిధి అని చెప్పండి. మళ్ళీ మర్చిపోరు. ఇలాంటి జంటలు ఒక కాగితం మీద విడిగా రాసి గోడకు అంటించండి: అనలం నిప్పు, అనిలం గాలి. ప్రసాదం గుడిలో పెట్టేది, ప్రాసాదం రాజభవనం. సుతుడు కొడుకు, సూతుడు రథం తోలేవాడు. పేపరు తయారుచేసేవాళ్ళకు ఇలాంటి జంటలు భలే ఇష్టం. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఇలా దగ్గరగా వినిపించే మాట పెడతారు.

బిట్ల సాధన, ఫోను టెస్టులు

నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నలు చేయించకుండా పరీక్షకు పంపకూడదు. ఆప్షన్లు చూసి తడబడటం, టైము చూసి టెన్షన్ పడటం, గుండ్రాలు నింపడం, ఇవన్నీ అలవాటైతేనే తగ్గుతాయి. కానీ బిట్లు చేసింది ఎంత గుర్తుందో చూసుకోవడానికే, కొత్త మాట నేర్చుకోవడానికి కాదు. నేర్చుకోకుండా బిట్ల మీద బిట్లు చేయిస్తే పిల్లలు ఊహించడం మాత్రమే నేర్చుకుంటారు.

పుస్తకం బిట్లా, ఫోను టెస్టులా అని అడిగితే నా ఓటు పుస్తకానికి. ఫోనులో జవాబు వెంటనే తెలుస్తుంది, మార్కులు అదే కూడుతుంది, ఖర్చు తక్కువ. అది నిజమే. కానీ మా చిన్నది ఒక ఉచిత టెస్టు రోజూ చేసి ఇరవైకి పంతొమ్మిది తెచ్చుకుంటుంటే నాకు అనుమానం వచ్చింది. అవే ఇరవై ప్రశ్నలు కాగితం మీద రాసి, ఆప్షన్ల వరస మార్చి ఇచ్చాను. పన్నెండే వచ్చాయి. దానికి మాట గుర్తులేదు, "మూడోది నొక్కితే పచ్చగా వస్తుంది" అని గుర్తుంది. ఫోను టెస్టు చేయించేవాళ్ళు వారానికోసారి ఇలా కాగితం మీద మార్చి చూడండి. రెండు మార్కులకు మించి తేడా వస్తే ఫోను ఆపేయండి.

పాత పేపర్లు దొరికితే అవి అన్నిటికంటే విలువైనవి. వాటిని మొదటి వారంలోనే ఊదేయకండి. ఒకటి మొదట్లో, పరీక్ష తీరు తెలుసుకోవడానికి. మిగతావి చివరి నెలన్నరకు దాచిపెట్టండి.

పేరా చదివి, మాటను అక్కడే అర్థం చేసుకోవడం

నవోదయ రాసే పిల్లలకు ప్రధాన సాధన ఇదే కావాలి. మిగతావన్నీ దీనికి తోడు. మా పిలకాయలకు నేను రాసిచ్చిన పేరా ఒకటి చూడండి.

"సోమశిల గేట్లు ఎత్తారన్న కబురు రాత్రి పది గంటలకు వచ్చింది. ఏటి ఒడ్డున ఉన్నవాళ్ళంతా మూటాముల్లె సర్దుకుని బడి వైపు నడిచారు. తాత మాత్రం అరుగు మీద నుంచి కదల్లేదు. ఇలాంటి వరదలు ఆయన నాలుగు చూశాడు. ఆయన ముఖంలో చింత అన్నదే లేదు. కోడలు పసిబిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టి, 'వీడి కోసమైనా లేవండి మామా' అన్నాక అప్పుడు కర్ర అందుకున్నాడు."

ప్రశ్న: ఈ పేరాలో "చింత" అనే మాటకు దగ్గరి అర్థం ఏది? అ) చింతచెట్టు, ఆ) ఆలోచన, ఇ) దిగులు, ఈ) కోపం.

పదిమందిలో నలుగురు "ఆలోచన" పెట్టారు. ఆ నలుగురూ పట్టిక బాగా వచ్చినవాళ్ళే. వాళ్ళు నేర్చుకున్న పట్టికలో చింత పక్కన ఆలోచన, దిగులు రెండూ ఉన్నాయి, ఆలోచన ముందుంది. అదే పెట్టారు. మా పెద్దవాడు "రెండు జవాబులు సరిపోయాయి" అన్నది ఇదేనని అప్పుడు అర్థమైంది నాకు.

దీనికి నేను నేర్పే పని ఒక్కటే: పెట్టి చూడు. ఆప్షన్‌ను మాట ఉన్నచోట పెట్టి, ఆ వాక్యంతో పాటు దాని ముందు వాక్యం కూడా చదవమంటాను. "ఇలాంటి వరదలు ఆయన నాలుగు చూశాడు. ఆయన ముఖంలో ఆలోచన అన్నదే లేదు." వినడానికి వాక్యం బాగానే ఉంది, కానీ నాలుగు వరదలు చూసినవాడికి ఆలోచన లేకపోవడమేంటి, అతకలేదు. "ఇలాంటి వరదలు ఆయన నాలుగు చూశాడు. ఆయన ముఖంలో దిగులు అన్నదే లేదు." ఇప్పుడు అతికింది. చాలాసార్లు జవాబు గుట్టు ముందు వాక్యంలోనే ఉంటుంది. కొన్నిసార్లు తర్వాతి వాక్యంలో. మాట ఉన్న వాక్యం ఒక్కటే చదివి జవాబు పెట్టే అలవాటు మాన్పించండి, సగం తప్పులు అక్కడే పోతాయి.

ఈ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. నిదానంగా సాగుతుంది. మొదటి నెలంతా మార్కులు పెరగవు, పెద్దవాళ్ళకు కంగారు పుడుతుంది. పక్కన కూర్చుని "ఎందుకు ఇది పెట్టావు?" అని అడిగే మనిషి కావాలి. ఆ అరగంట ఇవ్వలేని ఇంట్లో ఇది సాగదు. పొలం పనుల్లోనో షాపులోనో ఉండేవాళ్ళకు రోజూ కుదరదని నాకూ తెలుసు. వాళ్ళు వారానికి మూడు రోజులు చేసినా చాలు. ఇంట్లో అక్కో అన్నో ఉంటే ఈ పని వాళ్ళకు అప్పజెప్పండి, బాగా చేస్తారు.

పేరాల కోసం ప్రత్యేకంగా పుస్తకం కొనక్కర్లేదు. దినపత్రికలోని పిల్లల పేజీ, బడి పుస్తకంలో ఇంకా చెప్పని పాఠం, ఏదైనా చాలు. పది వాక్యాలు చదివించి, రెండు మాటల కింద గీత గీసి, "ఈ మాట తీసేసి ఇంకో మాట పెట్టు, అర్థం మారకూడదు" అనండి. ఆప్షన్లు లేకుండా వాళ్ళే మాట వెతుక్కోవాలి. మొదట్లో కష్టంగా ఉంటుంది, తర్వాత ఆటలా అయిపోతుంది.

ఇంటి మాటల్ని తక్కువ చేయకండి

మన పిల్లలకు పర్యాయపదాలు రావు అనుకుంటాం గానీ ఇంట్లో చాలా ఉన్నాయి. సముద్రం వైపు ఊళ్ళ పిల్లలకు దొరువు తెలుసు, ఇసుక నేలలో తవ్విన నీళ్ళ గుంట. బావి, నుయ్యి తెలుసు. వీటి పక్కన "కూపం" ఒక్కటి చేరిస్తే పరీక్ష మాట వచ్చేసినట్టే. పిలకాయలు, పిల్లలు, బాలలు, శిశువులు ఇలాగే. తెలిసిన మాట పక్కన తెలియని మాట కూర్చోబెడితే అది నిలుస్తుంది.

ఒక్కోసారి ఇంట్లో ఎక్కువ తెలియడమే చిక్కవుతుంది. ఒంగోలు దగ్గర నుంచి మా బంధువుల అబ్బాయి సెలవులకు వచ్చాడు, పశువులున్న ఇల్లు వాళ్ళది. "వృషభం అంటే ఏది?" అన్న ప్రశ్నకు ఎద్దు అని పెట్టడానికి ఒప్పుకోలేదు. ఎద్దు వేరు, కోడె వేరు, గిత్త వేరు, ఆబోతు వేరు అంటాడు. వాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. దుక్కి దున్నేది ఎద్దు, వయసులో ఉన్నది కోడె, మంద కోసం వదిలింది ఆబోతు. వాడి తెలివిని మెచ్చుకుని, పరీక్షలో మాత్రం ఇచ్చిన నాలుగింటిలో దగ్గరిది పెట్టాలని చెప్పాను. పరీక్ష అడిగేది అచ్చం అదే మాటను కాదు, ఇచ్చినవాటిలో దగ్గరిదాన్ని. ఈ ముక్క ఇలాంటి పిల్లలకు తప్పకుండా చెప్పాలి, లేకపోతే తెలిసీ వదిలేసి వస్తారు.

తెలుగులో రాయించాలా, ఇంగ్లీషులోనా?

ఇప్పుడు బడుల్లో ఇంగ్లీషు మీడియం. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. దరఖాస్తులోనే భాష రాయాలి కాబట్టి ఈ ప్రశ్న ముందే తేల్చుకోవాలి. బడి ఏ మీడియమన్నది చూడకండి. తెలుగు పేరా ఒకటి, ఇంగ్లీషు పేరా ఒకటి ఇచ్చి చదివించి, పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పమనండి. ఏది చదివి కథ సరిగ్గా చెప్పగలిగితే ఆ భాష. మా చుట్టుపక్కల ఎక్కువమందికి అది తెలుగే అవుతోంది. కానీ తెలుగు గుణింతం దగ్గరే తడబడే ఇంగ్లీషు మీడియం పిల్లలు కూడా ఉన్నారు, వాళ్ళను బలవంతంగా తెలుగులో రాయించడం అన్యాయం.

ఇంగ్లీషులో రాసేవాళ్ళకూ పెట్టి చూసే పద్ధతే. "పూర్" అంటే బీద అని ఒక్కటే నేర్చుకున్న పిల్లలు "పూర్ క్వాలిటీ" అన్నచోట బోల్తా పడతారు.

కోచింగ్ సంగతి ఒక్క మాటలో చెబుతాను. లెక్కలకు, మెంటల్ ఎబిలిటీకి ఉపయోగం ఉంటుంది, పంపగలిగితే పంపండి. మాటల కోసం మాత్రం డబ్బు పెట్టకండి. యాభైమంది కూర్చున్న గదిలో ఒక్కొక్కరినీ "ఇది ఎందుకు పెట్టావు?" అని అడగడం ఏ మాస్టారికీ కుదరదు.

మీ ఇంటికి ఏది?

నవోదయ ఒక్కటే రాస్తుంటే వారంలో నాలుగు రోజులు పేరాలు, రెండు రోజులు మాటల కుటుంబాలు, ఒక రోజు బిట్లు. పట్టిక జోలికే పోకండి. సైనిక్ రాస్తుంటే పేరాలూ కుటుంబాలూ సమానంగా, బిట్లు రెండు రోజులు. అక్కడ లెక్కలకు 50 ప్రశ్నలు, ఒక్కోటి మూడు మార్కులు. అంటే 300లో సగం లెక్కలదే. భాషకు రోజూ ఇరవై నిమిషాలకు మించి ఇవ్వకండి. రెండూ రాసేవాళ్ళు నవోదయ పద్ధతిలో మొదలుపెడితే సైనిక్‌కు కూడా పనికొస్తుంది. సైనిక్ పద్ధతిలో మొదలుపెట్టినవాళ్ళు నవోదయ పేరాల దగ్గర ఆగిపోవడం చూశాను.

నేర్చుకున్న మాటలు నిలవడానికి మేం పాత పెళ్ళి శుభలేఖలు కత్తిరించి అట్టముక్కలు చేసుకున్నాం. ఒకవైపు మాట ఉన్న వాక్యం: "ఆ గోపురం మిన్నంటుతోంది." రెండోవైపు సరిపోయేవి ఆకాశం, నింగి, సరిపోనిది మన్ను. మాట ఒక్కటే ఎప్పుడూ రాయం, వాక్యం ఉండాల్సిందే. తప్పు చెప్పిన అట్ట మర్నాడు మళ్ళీ పైకి వస్తుంది, సరిగ్గా చెప్పింది వారం తర్వాత. చిన్నది పరీక్షకు వెళ్ళేనాటికి రెండు వందల పైచిలుకు అట్టలయ్యాయి. పెద్దవాడి మూడు వందల కంటే తక్కువే. దానికి సీటు వచ్చింది. మాటల వల్లే వచ్చిందని చెప్పను, లెక్కల్లో కూడా బాగా కష్టపడింది. పేరాల్లో తప్పులు తగ్గడం మాత్రం నా కళ్ళముందే జరిగింది.

టైము విషయంలో ఏమరుపాటు వద్దు. 2025 నవోదయ ప్రవేశాల పరీక్ష మనకు జనవరి 18న జరిగింది, ఆ తర్వాతి విడత 2025 డిసెంబరు 13నే పెట్టారు. సంక్రాంతి తర్వాత కదా అనుకుని లెక్కేసుకుంటే నెల తక్కువ పడుతుంది. దసరా నాటికి మాటల కుటుంబాలు అయిపోయేలా చూసుకోండి.

పరీక్షకు పది రోజులుందనగా కొత్త మాటలు ఆపేయండి. గడియారం ముందు పెట్టి నాలుగు పేరాలు, ఇరవై ప్రశ్నలు, ముప్పై నిమిషాల్లో చేయించండి, ఒక్కో పేరాకు ఏడున్నర నిమిషాలు. ఓఎంఆర్ గుండ్రాలు బాల్ పెన్నుతోనే నింపించండి, పెన్సిల్ అలవాటు చేయకండి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఒక్క గుండ్రం కూడా ఖాళీగా ఉండకూడదు. తెలియని మాట వచ్చినా నాలుగూ పెట్టి చూసి, అతకనివి కొట్టేసి, మిగిలినదాన్ని నింపి ముందుకు పోవాలి.